రాతి చేతులు రాలే గది

ఆ గదికి మంచి పేరు లేదు.

పాత విగ్రహాలు దాచిపెట్టే భవనానికి వెనకవైపు, కింది అంతస్తులో పొడుగ్గా ఉంటుందది. దాని గోడ ఒకటి వీధిని ఆనుకుని ఉంటుంది. ఆ గోడకి ఎత్తున ఒక్కటే కిటికీ. పొద్దు గూకితే చాలు, ఆ దారిన పోయేవాళ్ళు కిటికీ పక్కకి రాకుండా వీధికి అవతలి వైపు దాటేసేవాళ్ళు.

ముందు టక్ మని ఒక చప్పుడు వస్తుందట. తర్వాత కాసేపు ఏమీ ఉండదు... ఆ తర్వాత నేల మీద ఏదో పడిన చప్పుడు. పొద్దున్నే తలుపు తీస్తే కింద ఒక వేలు. ఒకసారి ఒక చెవి. ఒకసారి మోచెయ్యి దాకా చెయ్యి.

అన్నీ రాతివే. కానీ పడబోయే ముందు రెండు మూడు రోజులు ఆ చోట ఎర్రగా కారుతుందట. విరిగిన చోట నడిమధ్యన గోరు గుచ్చినట్టు కన్నం ఉంటుందట. చేతుల్లేని రాతి ఆడది ఒకతె లేచి, మిగతావాళ్ళ చేతులు పీక్కుని తనకి సరిపోతాయేమో చూసుకుంటోందని ఒకరు. తెల్లగా నిలువెత్తున ఏదో కదలడం కిటికీలోంచి చూశామని ఇంకొకరు.

చూశామన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. టీ కొట్టువాడు అర్ధరాత్రి చూశానన్నాడు. వాడు ఆరింటికే కొట్టు కట్టేసి ఇంటికి పోతాడు. ఉత్తరాలు పంచేవాడు చూశానన్నాడు. వాడికి పట్టపగలు ఇంటి నంబర్లే కనపడవు. గదిలోకి వెళ్ళి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేను విన్నది విన్నట్టు చెబుతాను. ఇందులో కలిపిందీ అతికిందీ ఏమీ లేదు.

విగ్రహాలకి ముక్కులూ చేతులూ ఎందుకుండవో ఆ భవనం అధికారి చూడవచ్చినవాళ్ళకి రోజూ చెప్పేవాడు. ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది కాబట్టి, బోర్లా పడితే మొదట నేలకి తగిలేది అదేనట. చాచిన చేతికి మణికట్టు దగ్గర బలం తక్కువట. గెలిచిన రాజులు ఓడిన రాజుల బొమ్మలకి పనిగట్టుకుని ముక్కు చెక్కేయించేవారట. ముక్కు లేకపోతే ఊపిరి ఆడదు, ఊపిరి ఆడకపోతే బొమ్మ లేచి వచ్చి పగ తీర్చుకోలేదు, అదీ వాళ్ళ లెక్క. గోడలు కట్టుకునేవాళ్ళు కాళ్ళు పట్టుకుపోయారు, సున్నం కాల్చుకునేవాళ్ళు తలలు పట్టుకుపోయారు.

వినడానికి బాగానే ఉండేది. తప్పంతా ఎప్పుడో చచ్చినవాళ్ళది. బతికున్నవాళ్ళ మీదికి ఒక్కటీ రాదు.

పగలు ఆ కింది గదిలోకి కూడా జనాన్ని తీసుకెళ్ళి, మూలన కూర్చున్న రాజు విగ్రహం ముందు ఆగేవాడు. "చూడండి, ఈయన మట్టిలోంచి బయటికి వచ్చేటప్పటికే ముక్కు లేదు. ఆ చుట్టుపక్కల మట్టంతా జల్లెడ పట్టించాను. ఇసుక రేణువంత ముక్క కూడా దొరకలేదు" అని తన ముక్కు తడుముకునేవాడు.

ఆ భవనానికి ఆరు నెలల క్రితం కొత్త కాపలాదారు వచ్చాడు. మన కథ అతనిదే.

మనిషి పొడగరి. బూటు కాళ్ళతో నడిచి వస్తుంటే నేల అదిరేది. మెడలో విజిలు, చేతిలో కర్ర. చూసినవాళ్ళు ఇతనుంటే ఈగ కూడా లోపలికి దూరదనుకునేవాళ్ళు. చీకటి పడ్డాక మాత్రం ఆ కింది గది వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. వీధి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వెనక్కి తిరక్కుండా, తెల్లారేదాకా రోడ్డు కేసి చూస్తూ కూర్చునేవాడు. దాన్నే కాపలా అనుకున్నాడు. జీతం పుచ్చుకునేది లోపలున్న వాటిని కాయడానికి, ఇతను కాసింది రోడ్డుని.

ఆ భయం అతనికి నూరిపోసింది సొంత మామగారే.

మామగారు మామూలు మనిషి కాదు. ముప్పై ఏళ్ళు ఆ భవనంలోనే విరిగిన విగ్రహాలు అతికిన మేస్త్రి. ఇప్పుడు పని మానేసి రెండు వీధుల అవతల ఒక్కడే ఉంటున్నాడు. ఆయన ముందు గదిలో గోడకి ఒకే ఒక పటం. అందులో దీపం పట్టుకున్న రాతి ఆడమనిషి, ఆవిడ పక్కన వయసులో ఉన్న మేస్త్రి. ఆ దీపం పట్టిన కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగి దొరికితే, అతికి నిలబెట్టింది ఆయనే. ఎవరు ఇంటికొచ్చినా ముందు ఆ పటం కిందికే తీసుకెళ్ళేవాడు.

"అతుకు ఎక్కడుందో చెప్పు చూద్దాం" అనేవాడు.

చెప్పలేకపోతే మురిసిపోయేవాడు. చెప్పగలిగినవాణ్ణి మళ్ళీ ఇంటికి రానిచ్చేవాడు కాదు.

అల్లుడు ఆ ఉద్యోగంలో చేరిన రోజే పక్కకి పిలిచి చెప్పాడు. "ఏమయ్యా అల్లుడూ, నా మాట విను. చీకటి పడ్డాక ఆ కింది గది తలుపు తియ్యకు. చప్పుడైనా తియ్యకు. విగ్రహాలు పై హాల్లో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. మూడేళ్ళ క్రితం కింది గదికి దింపారు చూడు... అప్పట్నుంచీ వాటికి మనశ్శాంతి లేదు."

"రాళ్ళకి మనశ్శాంతి ఏమిటి మావయ్యా?"

"నాకు తెలీదా? ముప్పై ఏళ్ళు వాటితో బతికినవాణ్ణి."

ఊళ్ళో ఎవరు ఆ గది గురించి మాట్లాడినా చివరికి మేస్త్రి మాటే సాక్ష్యం. అంతటి పనివాడే చెప్పాడంటే ఉండే ఉంటుంది అనుకునేవాళ్ళు. పనితనం ఉన్నవాడు నిజమే చెబుతాడని ఎవరు రాసిచ్చారో నాకు తెలియదు.

మూడేళ్ళలో ఆరు పడ్డాయి. అందులో మూడు ఈ కాపలాదారు వచ్చాకే. అధికారి పడిన ముక్కల్ని డబ్బాలో వేయించి నంబరు రాసుకునేవాడు తప్ప, విరిగిన చోటు ఒక్కసారీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూడలేదు. రాయడం ఆయనకి బాగా వచ్చు.

ఏడోది పడిన రోజు సాయంత్రం ఆయన కాపలాదారుని తన గదిలోకి పిలిచాడు.

"రేపు పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు. పాత కాపలాదారు ఉన్నప్పుడు రెండున్నర ఏళ్ళలో మూడు. నువ్వొచ్చాక ఆరు నెలల్లో మూడు. వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"నేనేం చెయ్యలేదు సార్."

"రాత్రిపూట తాళం చెవులు నీ దగ్గరే కదా ఉండేది?"

"సార్... ఆ గదిలో ఏదో ఉంది సార్."

"ఉంది. నువ్వున్నావు. ఏ ముక్క ఎవరికి అమ్ముదామని కొడుతున్నావో నాకు తెలీదు. వచ్చేవాళ్ళు ముందు చూసేది కింది గదిలో ఉన్న దీపం పట్టిన ఆవిడనే. ఆవిడ చెయ్యి రేపు పొద్దున దాని చోట లేకపోతే మాత్రం నిన్ను పోలీసులకి అప్పజెప్పి మరీ తనిఖీ మొదలుపెడతాను."

కాపలాదారు కిందికి దిగి వచ్చాడు. ఇంకా వెలుతురుంది. ధైర్యం తెచ్చుకుని కింది గది తలుపు తీశాడు. చెమ్మ వాసన గుప్పుమంది. వెనక గోడంతా నీళ్ళు పీల్చి నల్లగా ఉంది. పెచ్చులు ఊడి కింద పడి ఉన్నాయి.

దీపం పట్టిన ఆవిడ ఎప్పటిలాగే నిలబడి ఉంది. కుడి చెయ్యి ముందుకి చాచి... చేతిలో చిన్న రాతి ప్రమిద.

మోచేతి దగ్గర ఎర్రగా ఒక చార.

అతను తన కళ్ళని నమ్మలేక చేతిరుమాలు తీసి తుడిచాడు. రుమాలుకి ఎర్రగా అంటింది. తడిగా ఉంది.

తాళం వేశాడో లేదో కూడా చూసుకోకుండా ఇంటి దారి పట్టాడు.

అతని భార్య పనిమంతురాలు, మాటకారి కూడా. మేస్త్రికి ఒక్కతే కూతురు. అతను రాత్రి కాపలాకి వెళ్ళే ముందు ఇంటికొచ్చి తిని వెళ్ళడం అలవాటు. ఆ రోజు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"ఏమైందండీ? మొహం అలా ఉందేమిటి?"

"నన్ను జైల్లో పెడతారే."

"ఎందుకు?"

జరిగింది చెప్పి రుమాలు తీసి చూపించాడు. "చూడు. రాతికి నెత్తురు కారింది. రేపటికి ఆ చెయ్యి ఉండదు."

ఆవిడ రుమాలు అందుకుని దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. వాసన చూసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి చన్నీళ్ళలో ముంచి నాలుగుసార్లు నలిపింది. అతను గుమ్మంలో నిలబడి బిత్తరపోయి చూస్తున్నాడు.

"నెత్తురైతే చన్నీళ్ళకి వదిలిపోవాలి. చూడండి, వదల్లేదు" అంది. సబ్బు రాసి రుద్దింది. ఇంకా చిక్కగా కనపడింది. లోపలికెళ్ళి నిమ్మచెక్క తెచ్చి, ఉప్పు అద్ది రుద్దింది. ఎరుపు పలచబడి, పసుపచ్చగా మారి, మెల్లగా పోయింది.

"ఇది తుప్పండీ. బట్టల మీద తుప్పు మరక ఎన్నిసార్లు వదిలించలేదు నేను? ఆరు నెలల్నుంచి తుప్పుని చూసి హడలిపోతున్నారన్న మాట."

"రాతిలో తుప్పెక్కడిది?"

"ఇనుముంటేనే తుప్పుంటుంది."

"ఇనుమెక్కడుంది? ఆ చెయ్యి అతికింది మీ నాన్నే కదా. ఇత్తడి కడ్డీ పెట్టి అతికానని ఆయనే వందసార్లు చెప్పాడు. రిజిస్టరులో కూడా అలాగే ఉందిట."

ఆవిడ చేతిలో నిమ్మచెక్క అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత రుమాలు పిండి ఆరేసి, చెయ్యి తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"మీతోనే. ఇవాళ గేటు దగ్గర కాదు, ఆ గదిలోనే కూర్చుందాం."

"నీకు మతి పోయిందా? రాత్రి పూట ఆ గదిలోనా?"

"మీకు విజిలు ఉంది, కర్ర ఉంది, బూట్లున్నాయి. నాకు చెప్పులే ఉన్నాయి. ఎవరికి ఎక్కువ భయముండాలి?"

అతను కర్ర తీసుకున్నాడు. ఆవిడ వెనకాలే నడిచాడు.

గదిలోకి వెళ్ళేసరికి ఎనిమిది దాటింది. టార్చిలైటు ఆర్పేసి, ఖాళీ పెట్టెల వెనక ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. ఎత్తున ఉన్న కిటికీలోంచి వీధి దీపం వెలుగు కొద్దిగా పడుతోంది. ఆ వెలుగులో చేతుల్లేనివాళ్ళు, తలల్లేనివాళ్ళు... వరసగా నిలబడి ఉన్నారు. మూలన ముక్కు లేని రాజు కూర్చుని ఉన్నాడు. అతను రాజు వైపు వీపు పెట్టి కూర్చుందామనుకున్నాడు. వీపు పెడితే ఇంకా భయమేసి మళ్ళీ తిరిగాడు.

పగటి వేడి దిగుతోంది. గోడలోంచి చెమ్మ వాసన వస్తోంది. ఎక్కడో ఒక నీటి బొట్టు... మళ్ళీ ఒక బొట్టు...

"ఏమండీ" అని గుసగుసగా అంది ఆవిడ.

"ఊఁ."

"పళ్ళు టకటకలాడించకండి. వినపడుతోంది."

అతను నోట్లో రుమాలు కుక్కుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు ఇంటి దగ్గర ఆరేసి ఉందని గుర్తొచ్చింది.

చాలాసేపు గడిచినట్టనిపించింది. తొమ్మిది ఇంకా కొట్టలేదు...

వెనక తలుపు కదిలింది.

ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. ఆ తాళం చెవి అతని గుత్తిలో ఉంది. గుత్తి అతని నడుముకే ఉంది. అయినా తలుపు కదిలింది... చప్పుడు లేకుండా... అలవాటున్న చెయ్యి తీసినట్టు.

తెల్లటి ఆకారం లోపలికి వచ్చింది. నిలువునా తెలుపు. మొహం లేదు.

అతను భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాపలాదారు ఎవరో, కాపలా కావలసింది ఎవరికో ఆ క్షణంలో అక్కడున్న రాళ్ళకి కూడా అర్థమై ఉంటుంది.

ఆకారం విగ్రహాల మధ్యనుంచి తడుముకోకుండా నడిచి, దీపం పట్టిన ఆవిడ ముందు ఆగింది. రాతి చేతి మీద చెయ్యి వేసింది. నిమిరింది.

"ఒక్క రోజు ఓర్చుకో తల్లీ..." అని గుసగుసలాడింది. "రేపొక్క రోజు. తనిఖీ అయిపోనీ... తర్వాత ఏమైనా అవ్వు."

ఆ గొంతు కాపలాదారుకి తెలుసు. భార్యకి ఇంకా బాగా తెలుసు.

ఆవిడ అతని చేతిలోంచి టార్చిలైటు లాక్కుని వెలిగించింది.

దుప్పటి. తల మీదుగా కాళ్ళదాకా కప్పుకున్న తెల్ల దుప్పటి. దాని కింద మేస్త్రి. ఎడంచేతిలో తడి సున్నం ముద్దున్న గిన్నె, కుడిచేతిలో కుంచె, నడుముకి ఉద్యోగం నాటి పాత తాళం చెవి.

"నాన్నా" అంది ఆవిడ.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు గానీ, మనిషి గట్టివాడు, క్షణంలో సర్దుకున్నాడు. "ష్... గట్టిగా మాట్లాడకు. చప్పుడు చేస్తే దానికి కోపం వస్తుంది" అన్నాడు.

"దేనికి?"

"ఈ గదిలో ఉన్నదానికి."

"ఈ గదిలో ఉన్నది నువ్వే కదా నాన్నా. గిన్నెలో ఏమిటి?"

"అల్లుడికి మాట రాకుండా ఉంటుందని... కాస్త సున్నం పూద్దామని..."

"ముందు పడిన ఆరింటికీ ఇలాగే పూశావా? పడ్డాక వచ్చి లోపల ఉన్నది పీక్కుపోయావా? అందుకేనా ఆ కన్నాలు?"

మేస్త్రి అల్లుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ పెళ్ళాన్ని ఇంటికి తీసుకుపో. ఆడవాళ్ళు రావలసిన చోటు కాదిది."

అంటూ, దబాయించేవాళ్ళందరికీ ఉండే అలవాటు ప్రకారం, ఆసరాకి పక్కనున్నదాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నది రాతి చేతిని.

టక్.

చిన్న చప్పుడే. వేలు విరిచినట్టు.

ప్రమిదతో సహా ముంజెయ్యి మేస్త్రి చేతిలోకి వచ్చేసింది. సున్నం గిన్నె కింద పడింది. విగ్రహం మోచేతిలోంచి జానెడు పొడుగున ఊచ ఒకటి బయటికి పొడుచుకు వచ్చి ఉంది. తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, ఊచ రెండింతలు లావెక్కి ఉంది. గోడలో మేకు తుప్పు పడితే పెచ్చు ఊడటం మనం చూడలేదా? అంతే. రాయిని లోపల్నుంచే పగలగొట్టింది.

ఆవిడ దగ్గరికి వెళ్ళి వెలుగు దాని మీద పెట్టింది. తుప్పు ఊడిన చోట ఇనుము కనపడింది. అది మామూలు ఊచ కాదు. తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంది.

ఆవిడ చాలాసేపు దానివంకే చూసింది.

"మన వంటింటి కిటికీది" అంది.

కాపలాదారుకి అప్పుడు వెలిగింది. మామగారి వంటింటి కిటికీకి అయిదు మెలికల ఊచలుండాలి. నాలుగే ఉన్నాయి. రెండోదాని చోట కర్రముక్క దిగ్గొట్టి ఉంటుంది. ఎప్పుడడిగినా, ముప్పై ఏళ్ళ క్రితం దొంగ కోసేశాడనేవాడు.

"దొంగ కోశాడన్నావు" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నాకప్పుడు ఏడేళ్ళు. ఆ దొంగ మళ్ళీ వస్తాడేమోనని రెండేళ్ళు నిద్రపోలేదు నేను. అమ్మ నా మంచం అవతలి గదిలోకి మార్చింది. గుర్తుందా?"

మేస్త్రి నేల చూపులు చూశాడు.

"ఇత్తడి కడ్డీలు రావడానికి ఇంకా నెల పడుతుందన్నారమ్మా" అన్నాడు చివరికి. "పెద్దవాళ్ళు చూడడానికి వచ్చే రోజు దగ్గరపడింది. ఆగుదామన్నాడు నా పక్కనున్న పనివాడు. ఆగితే పని వాడికి వెళ్ళిపోయేది. పేరూ వాడికే పోయేది. ఒక్క ఊచ... ముక్కలు కోసి ఏడింటికీ పెట్టాను. ఎవరికి కనపడుతుంది లోపలుండేది?"

"ఇత్తడి అని రిజిస్టరులో రాశావు."

"రాశాను."

"మా ఆయన్ని రేపు పోలీసులు పట్టుకుపోతారు. అది తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే కదా పూద్దామని వచ్చింది."

"పూత నిలవకపోతే?"

దానికి మేస్త్రి చెప్పిన మాట విన్నాక, ఆయన పనితనం గురించి ఎవరు పొగిడినా నాకు నోరంతా చేదవుతుంది. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, బతిమాలుతున్నట్టే అన్నాడు. "ఏమయ్యా, నువ్వు చిన్నవాడివి. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుంది. నాలుగు రోజుల్లో విడిచిపెట్టేస్తారు. నాకున్నది ఆ పేరొక్కటే. అది పోతే నాకేం మిగులుతుంది?"

కాపలాదారు భుజం మీది చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"నాదీ పేరే మావయ్యా" అన్నాడు.

ఆరు నెలల్నుంచి మెడలో వేలాడుతున్న విజిలు మొదటిసారి నోట్లో పెట్టుకుని ఊదాడు.

వెనకే ఇల్లు కాబట్టి అధికారి లాంతరుతో పరిగెత్తుకు వచ్చాడు. ఊచ చూశాడు. చెయ్యి చూశాడు. దుప్పటి చూశాడు. కూతురు జరిగిందంతా చెప్పింది, ఒక్క మాట దాచకుండా, సొంత తండ్రి గురించి. చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతు వణకలేదు. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

అధికారి పైకెళ్ళి పాత రిజిస్టరు తెచ్చి, దుమ్ము దులిపి విప్పాడు. మూడేళ్ళలో ఆయన దాన్ని తెరిచింది అదే మొదటిసారి. అందులో ఏడు పద్దులు. వేలు, చెవి, వేలు, చెయ్యి, పాదం, వేలు, దీపం పట్టిన చెయ్యి. ప్రతిదానికి ఎదురుగా గుండ్రటి అక్షరాల్లో 'ఇత్తడి కడ్డీతో అతికినది'. కింద మేస్త్రి సంతకం. రాలిపోయినవి కూడా సరిగ్గా అవే.

అధికారికి కాపలాదారు మొహం చూడటానికి సిగ్గేసిందని అంటారు. నాకు నమ్మకం లేదు. సిగ్గున్నవాడైతే ముందు రిజిస్టరు చూసి తర్వాత మనిషిని అనేవాడు.

"నువ్వు కాదులేవయ్యా. రేపు నేను చెబుతాను" అన్నాడు గోడకేసి చూస్తూ. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "ఇంకా ఎన్నింటిలో పెట్టావు ఇనుము?"

"ఏడే. ఇక లేవు."

"నిజం చెప్పు."

"నిజమే చెబుతున్నాను. ఏడే."

టక్.

ఎవరూ కదల్లేదు.

గది చివరి మూలలోంచి వచ్చింది చప్పుడు. లాంతరు వెలుగు పడని చోటు నుంచి. తర్వాత కాసేపు ఏమీ లేదు... ఆ తర్వాత చిన్నదేదో నేల మీద దొర్లడం వినపడింది. దొర్లి దొర్లి, వెలుగులోకి వచ్చి, మేస్త్రి పాదానికి తగిలి ఆగింది.

మేస్త్రి కిందికి చూశాడు. చటుక్కున పాదం వెనక్కి లాక్కున్నాడు.

"అది నాది కాదు" అన్నాడు.

అధికారి ఫక్కున నవ్వాడు. "ఇంకా నయం, దెయ్యానిది అనలేదు." అక్కడే నిలబడి, రిజిస్టరు మోచేతి మీద ఆనించుకుని, ఏడు కింద ఎనిమిది అని అంకె వేసి రాయడం మొదలుపెట్టాడు.

"నాది కాదమ్మా. ఒట్టు, నాది కాదు" అని మేస్త్రి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడ చెయ్యి విడిపించుకుంది. ముప్పై ఏళ్ళ నుంచి దొంగ అన్నాడు, దెయ్యం అన్నాడు, ఇత్తడి అన్నాడు. ఇప్పుడు ఇంకొకటి అంటున్నాడు. వినడానికి ఆవిడకి ఓపిక లేకపోయింది. తండ్రిని నడిపించుకుని బయటికి వెళ్ళింది. అధికారి కూడా లాంతరు పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళాడు.

కాపలాదారు ఒక్కడే మిగిలాడు. వంగి ఆ ముక్క తీసి టార్చి వెలుగులో తిప్పి చూశాడు. కన్నం లేదు. తుప్పు లేదు. విరిగిన చోటు ఉప్పు పలుకులా తెల్లగా, కొత్తగా ఉంది.

అది ఒక ముక్కు.

గదిలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే వెలుగు వేసి చూశాడు. ముక్కు ఉన్నవాళ్ళ ముక్కులు ఉన్నాయి. లేనివాళ్ళు ఒకళ్ళే... మూలన కూర్చున్న రాజు.

కాళ్ళు వెనక్కి లాగుతున్నా అతను అక్కడిదాకా నడిచాడు. అతని కాపలాలో అదే మొదటి నడక. చెయ్యి చాపి, ఆ ముక్కని రాజు మొహానికి ఆనించాడు.

వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా కూర్చుంది. వెయ్యేళ్ళ క్రితం పోయింది, మట్టి జల్లెడ పట్టినా దొరకనిది...

అతను మెల్లగా చెయ్యి తీసేశాడు.

ముక్కు పడలేదు. వేళ్ళ మీద వెచ్చగా, సన్నగా, ఊపిరి తగిలింది.